బటన్‌కు పేరు పెట్టండి: వ్యాపార సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి బరంపురం నుంచి బహిరంగ లేఖ

బిల్లింగ్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, దాన్ని మా ఊళ్ళకు తెచ్చి అమ్మే డీలర్లకు, కొని వాడే వర్తక సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను ఒడిశాలోని బరంపురంలో, బడా బజార్‌కు దగ్గర్లో ఒక పట్టుచీరల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తాను. ఈ పనిలో పద్నాలుగేళ్ళు నిండాయి. అమ్మకం బిల్లులు, నేతవాళ్ళ దగ్గర కొన్న సరకు పద్దులు, అరువు బాకీలు, నెలనెలా జీఎస్టీ రిటర్నులు అన్నీ నా చేతిమీదుగానే వెళ్తాయి. నాకు చూపు లేదు. చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది. పదో తరగతికి వచ్చేసరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మాత్రమే కనిపించేది. ఇంటర్ అయ్యేసరికి అదీ పోయింది. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోజా అన్నారు. ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాను, కామర్స్ చదివాను, ఈ కొట్లో చేరాను.

చూపు లేకుండా కంప్యూటర్ మీద లెక్కలెలా రాస్తావమ్మా అని మా కొట్టుకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. మీకూ ఆ సందేహం ఉండొచ్చు కాబట్టి ముందు అది చెప్తాను. నా కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే స్క్రీన్ మీదున్నది గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రామ్, ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు దాన్ని మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే మరో చూపులేని మిత్రుడు తోడయ్యాడు. ఈనాటికీ అది ఉచితం. స్క్రీన్ మీది బొమ్మను చూసి చదవడం దాని పద్ధతి కాదు. కర్సర్ ఒకచోట ఆగగానే అక్కడేముందని అది విండోస్‌ను అడుగుతుంది, విండోస్ మీ ప్రోగ్రామ్‌ను అడుగుతుంది. "ఇది సేవ్ బటన్", "ఇది చెక్‌బాక్స్, టిక్ పెట్టి ఉంది", "ఇది రేటు గడి, ఇందులో 4,850 ఉంది" అని మీ ప్రోగ్రామ్ జవాబు చెప్తే అదే నా చెవిలో పడుతుంది. జవాబు లేకపోతే వట్టి "బటన్" అని ఊరుకుంటుంది, లేదా అసలు నోరే విప్పదు. మీరు ఎంత అందంగా గీసినా సరే, దాని వెనక పేరు రాయకపోతే నా వరకు అక్కడ ఏమీ లేనట్టే.

చేరిన కొత్తలో మా కొట్లో ఉన్న ప్రోగ్రామ్ చూడ్డానికి ఏమంత బాగుండేది కాదట. కానీ ప్రతి గడికీ పేరుండేది. ఒక్కో పనికి ఒక్కో కీ ఉండేది. మౌస్ ముట్టుకోకుండా పొద్దుటినుంచి రాత్రిదాకా పని సాగేది. రెండేళ్ళకోసారి మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఆ నెలరోజులూ కొట్లో నిలబడ్డానికి చోటుండదు. అంత రద్దీలోనూ ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవితో సావుకారు చెప్పే చీరల నంబర్లు వింటూ బిల్లు వెంట బిల్లు వేసేదాన్ని. ఎదుటివాళ్ళు చీర మడత పెట్టి కవర్లో వేసేలోగా బిల్లు ప్రింటర్లోంచి బయటికొచ్చేది. మా సావుకారు పాతకాలపు మనిషి, చేత్తో చిట్టా, ఆవర్జా రాసి పెరిగినవారు. ఆయనే వచ్చినవాళ్ళతో, మా అమ్మాయి వేసిన బిల్లులో తప్పు పట్టండి చూద్దాం అనేవారు.

తర్వాత అప్‌డేట్ వచ్చింది. కంపెనీ పేరు రాయను. తప్పు ఒక్క కంపెనీది కాదు కాబట్టి రాయడం న్యాయం కూడా కాదు. స్క్రీన్ మొత్తం కొత్త రూపంలోకి మారింది, రంగులు వచ్చాయి, మా కొట్లో కుర్రాళ్ళు చాలా బాగుందన్నారు. నేను టాబ్ కీ నొక్కుతూ వెళ్తే "బటన్, బటన్, బటన్, గ్రాఫిక్, బటన్" అని వినిపించింది. ఏది సేవో, ఏది డిలీటో తెలియదు. ఇంకొన్ని చోట్లకైతే టాబ్ వెళ్ళనే వెళ్ళదు, మౌస్‌తో నొక్కాల్సిందే. అన్నిటికంటే పెద్ద చిక్కు రాష్ట్రం ఎంచుకునే జాబితాతో వచ్చింది.

సరిహద్దులో వ్యాపారం చేసేవాళ్ళకు ఆ జాబితా ఎంత ముఖ్యమో లోపలి జిల్లాలవాళ్ళకు తెలియకపోవచ్చు. బరంపురం నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మాకది పక్క ఊరు. మా చుట్టాలు సగం మంది అక్కడే ఉన్నారు, మా సరకు రోజూ అక్కడికి వెళ్తుంది. అయితే జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రం. మా కోడ్ 21, వాళ్ళది 37. అదే చీర బరంపురంలో అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ రెండున్నర శాతం, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం. ఇచ్ఛాపురం పంపితే, రాష్ట్రం దాటే సరకు మీద వేసే ఐజీఎస్టీ ఐదు శాతం. కొనేవాళ్ళకు జీఎస్టీ నంబరుంటే ప్రోగ్రామ్ ఆ నంబరు చూసి రాష్ట్రాన్ని తనే వేసుకుంటుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న కొట్లవాళ్ళయితే రాష్ట్రాన్ని మనమే ఎంచుకోవాలి. కొత్త ప్రోగ్రామ్‌లో ఆ జాబితా తెరిస్తే స్క్రీన్ రీడర్ ఒక్క మాట పలకలేదు.

ఏం చేయను? పని ఆగకూడదు. కొట్లో కుర్రాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, కింది బాణం కీ ఎన్నిసార్లు నొక్కితే ఏ రాష్ట్రం వస్తుందో చెప్పించుకుని, బ్రెయిలీలో రాసి బల్లకు అంటించుకున్నాను. ఆ లెక్క ప్రకారం కొన్ని నెలలు పని చేశాను. ఆ తర్వాత ఒకరోజు ఇంకో అప్‌డేట్ వచ్చింది. ఎక్కువగా వాడే రాష్ట్రాలు జాబితాలో పైకి వచ్చేలా మార్చారు. కళ్ళున్నవాళ్ళకు అది సౌకర్యమే, నేను కాదనను. నా లెక్క మాత్రం తప్పింది. ఇచ్ఛాపురం బిల్లులు పదిహేడు ఒడిశా బిల్లులుగా వెళ్ళిపోయాయి. రెండున్నరా రెండున్నరా కలిపినా ఐదే, ఐజీఎస్టీగా ఒకేసారి వేసినా ఐదే. బిల్లు మొత్తం మారదు కాబట్టి కొన్నవాళ్ళకు గానీ మాకు గానీ అనుమానం రాలేదు. రెండు నెలల రిటర్నులు వెళ్ళిపోయాక, సరకు పంపిన పుస్తకంతో బిల్లులు సరిచూస్తుంటే బయటపడింది. సరైన పన్ను మళ్ళీ కట్టాలి, తప్పుగా కట్టింది వాపసు ఇమ్మని అర్జీ పెట్టుకోవాలి. అలా కట్టేటప్పుడు వడ్డీ పడకుండా చట్టంలో వీలుంది. అయినా ముందు చేతి డబ్బు పోయాలి కదా.

సావుకారు నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు అర్థమైంది. కానీ ఆ రోజునుంచీ నేను వేసే ప్రతి బిల్లునూ పక్కన కూచుని ఒకరు చూస్తున్నారు. అన్నేళ్ళలో ఏనాడూ రాని అవసరం అది. నా జీతం తగ్గలేదు, కుర్చీ పోలేదు, పోయింది మాత్రం ఉంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఆరుసార్లు ఫోన్ చేశాను. మొదటి మూడుసార్లూ "మౌస్‌తో క్లిక్ చేయండి మేడమ్" అన్నారు. నాలుగోసారి, చూపు లేదని మళ్ళీ వివరంగా చెప్పాను. "పక్కన ఎవరైనా ఉంటే చేయించుకోండి" అన్నారు. చివరిసారి మాట్లాడినాయన మర్యాదగానే మాట్లాడాడు. "మీలాంటివాళ్ళు మా సాఫ్ట్‌వేర్ వాడతారని మాకు తెలియదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. అందుకే మీ అందరికీ తెలిసేలా చెప్తున్నాను. వాడుతున్నాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మందిని వికలాంగులుగా లెక్కించారు. ఒక్క ఒడిశాలోనే 12 లక్షల పైచిలుకు. వాళ్ళలో చదువుకున్నవాళ్ళు, లెక్కలొచ్చినవాళ్ళు, సొంత కొట్లున్నవాళ్ళు ఉన్నారు. దివ్యాంగులన్నా, విభిన్న ప్రతిభావంతులన్నా, వికలాంగులన్నా నాకు పట్టింపు లేదు. బటన్‌కు పేరు పెడితే అదే మాకు మర్యాద.

నాకు తెలిసిన మిగతావాళ్ళ మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే యాక్సెసిబిలిటీ (వికలాంగులతో సహా అందరూ వాడగలిగేలా చేయడం) అంటే చూపులేనివాళ్ళ సంగతి అనుకుని అక్కడితో ఆపేస్తారు. మా వీధిలో అప్పడాలు, పచ్చళ్ళు తయారుచేసి అమ్మే కుటుంబం ఉంది. ఆ ఇంటి అబ్బాయికి వినపడదు. ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా వాడతాడు. అయితే కంపెనీ ఇచ్చే శిక్షణ వీడియోల్లో కింద అక్షరాలు రావు, ఏ సమస్య వచ్చినా ఫోన్ చేసి మాట్లాడమంటారు. అతను ఎలా మాట్లాడతాడు? జీడిపప్పు వ్యాపారం చేసే ఇంకొకాయనకు యంత్రంలో పడి కుడిచేయి పోయింది. రెండు కీలు కలిపి నొక్కాల్సిన చోట, మౌస్‌తో పట్టుకుని లాగాల్సిన చోట ఆయన పని ఆగిపోతుంది. ఎడమచేత్తో ఓటీపీ కొట్టేలోపే టైమ్ అయిపోతుంది, మళ్ళీ మొదటికి. మా పక్క కొట్టు గుమస్తాగారికి అరవై దాటాయి. కొత్త డిజైన్‌లో తెల్లటి వెనక మీద లేత బూడిద రంగు అక్షరాలు ఆయనకు కనబడవు. పెద్దవి చేద్దామంటే సగం స్క్రీన్ బయటికి పోతుంది. గడువు దాటిన బాకీలను ఎర్ర రంగులో మాత్రమే చూపిస్తే, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్ళకు బాకీలన్నీ ఒకేలా ఉంటాయి. పక్కన "గడువు దాటింది" అని రెండు మాటలు రాస్తే వాళ్ళకీ తెలుస్తుంది, నాకూ వినిపిస్తుంది.

ఇవేవీ మేం కొత్తగా కనిపెట్టిన కోరికలు కావు. వెబ్‌లో ఉన్నది అందరికీ అందేలా చేయడానికి ప్రమాణాలు 1999లోనే వచ్చాయి. డబ్ల్యూసీఏజీ అంటారు, 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2 దాని తాజా రూపం. అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడా మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని అంకెతో సహా అందులో రాశారు. మన దేశానికి మన ప్రమాణమే ఉంది, బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి ఐఎస్ 17802. మొదటి భాగం 2021లో, రెండో భాగం 2022లో వచ్చాయి. అది వెబ్‌సైట్లతో ఆగదు. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్, మొబైల్ యాప్, పత్రాలు, పరికరాలు అన్నీ అందులోకి వస్తాయి. 2023 మేలో దాన్ని వికలాంగుల హక్కుల చట్టం నియమాల్లో చేర్చారు.

ఆ చట్టం 2016లో వచ్చింది. సేవలందించేవాళ్ళు ప్రభుత్వమైనా ప్రైవేటైనా, నియమాలు వెలువడిన రెండేళ్ళలోగా అందరికీ అందుబాటులో ఉండేలా సేవలివ్వాలని 46వ సెక్షన్ చెప్తుంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. రెండేళ్ళు ఎప్పుడు దాటాయో మీరే లెక్కేసుకోండి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలను ఇష్టముంటే పాటించే సలహాల్లా వదిలేసిన నియమం చట్టానికే విరుద్ధమని చెప్పి, తప్పనిసరి నియమాలు చేయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన ఇంకో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాసిడ్ దాడుల్లో కళ్ళు దెబ్బతిన్న కొందరు, చూపులేని మరొకరు వేసిన కేసులవి. బ్యాంకు కేవైసీ (ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవడం) కోసం కెమెరా ముందు కళ్ళు ఆర్పి చూపించమంటే వాళ్ళు ఎలా ఆర్పుతారు? చట్టంలో జరిమానాలు కూడా ఉన్నాయి, మొదటిసారి పదివేల దాకా, మళ్ళీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా. మీకు జరిమానా పడితే నాకొచ్చే లాభం లేదు. నాకు కావలసింది రాష్ట్రాల జాబితా పలకడం.

అసలు ఇది మీకు చేతకాని పని కాదు. అమెరికా ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే 1998లో సవరించిన సెక్షన్ 508 ప్రకారం అది వికలాంగులూ వాడగలిగేలా ఉండాలి. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లోనూ ఇలాంటి చట్టం అమలవుతోంది. ఆ దేశాల కోసం బటన్లకు పేర్లు పెట్టేదీ, కీబోర్డుతో పరీక్షించేదీ బెంగళూరు, హైదరాబాద్, భువనేశ్వర్ ఆఫీసుల్లో కూచున్న మన పిల్లలే. వాళ్ళలో బరంపురం పిల్లలున్నారు, శ్రీకాకుళం పిల్లలున్నారు. దీపావళికి ఇంటికొచ్చి మా కొట్లోనే అమ్మకు చీర కొంటారు. ఆ చీర బిల్లు వేయడానికి నాకు పక్కన మనిషి కావాలని వాళ్ళకు తెలిస్తే బాధపడతారని నాకు తెలుసు. వాళ్ళకు రెండు రోజులు టైమివ్వండి. బటన్‌కు పేరు రాయడమంటే చాలాచోట్ల ఒక్క లైను కోడ్.

ముందే చేస్తే చిన్న పని, తర్వాత చేస్తే పెద్ద పని. ఇల్లు కట్టేటప్పుడే గుమ్మం దగ్గర వాలుబాట వేసుకుంటే నాలుగు బస్తాల సిమెంటుతో పోతుంది. కట్టాక గుమ్మం పగలగొట్టాలంటే ఎవరికైనా చేతులు రావు. అప్‌డేట్ విడుదలయ్యాక మా ఫిర్యాదులు విని సర్దడం కంటే, విడుదలకు ముందే చూపులేనివాళ్ళ చేత, వినపడనివాళ్ళ చేత ఒకసారి వాడించి చూడండి. ఊరికే కాదు, కూలి ఇచ్చి. అది పరీక్ష చేసే ఉద్యోగం.

ఇంకో సంగతి. కొందరు స్క్రీన్ మూలన వీల్‌చెయిర్ బొమ్మ ఉన్న ఒక బటన్ తగిలిస్తారు. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు తిరగబడతాయి, ఏదో గొంతు చదువుతుంది. అది పెట్టాక పని పూర్తయిందనుకుంటారు. మా దగ్గర మా స్క్రీన్ రీడర్ ఉంది, రోజంతా దానితోనే బతుకుతాం, ఇంకో గొంతు అక్కర్లేదు. కింద పేరు లేని బటన్‌కు పైన ఎన్ని గొంతులు పెట్టినా అది "బటన్" అనే అంటుంది.

అలాగే "క్లౌడ్" అని చెప్పి డీలర్లు అమ్మేవాటిలో చాలా మటుకు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో అదే పాత ప్రోగ్రామ్ నడిపి, రిమోట్ డెస్క్‌టాప్‌లో దాని బొమ్మను మా కంప్యూటర్‌కు పంపుతాయి. కళ్ళకు తేడా తెలియదు. నా స్క్రీన్ రీడర్‌కు మాత్రం అక్కడ ఒక పెద్ద బొమ్మ తప్ప మరేమీ దొరకదు. పేర్లు చక్కగా పెట్టిన ప్రోగ్రామ్ కూడా ఇలా మూగదైపోతుంది. డీలర్లకు నా విన్నపం: అమ్మే ముందు ఆ కొట్లో స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు ఉన్నారేమో అడగండి. ఉంటే సర్వర్ వైపు కూడా స్క్రీన్ రీడర్ పెట్టి, గొంతు ఇటు వినిపించే ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటు ఉంది. అడగాలని తెలియక చాలామంది పని మానుకుంటున్నారు.

భాష గురించి కాస్త వివరంగా రాయాలి. మా ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కంప్యూటర్లో ఇంగ్లీషు. ఫోన్ ఎత్తితే హెల్ప్‌లైన్ హిందీ. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినప్పటినుంచీ మా బతుకు ఇలాగే మూడు లిపుల మధ్య నడుస్తోంది, మాకది అలవాటే. స్క్రీన్ రీడర్ తెలుగూ చదువుతుంది, ఒడియా కూడా చదువుతుంది. దాంతోపాటు ఉచితంగా వచ్చే ఈస్పీక్ గొంతులో రెండూ ఉన్నాయి. కాకపోతే అక్షరాలు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ లోపల కూడా ఆ భాష అక్షరాలుగానే ఉండే పద్ధతిలో, ఉండాలి. చాలా ప్రోగ్రామ్‌లు బిల్లు మీద కొట్టు పేరు, చిరునామా ఇంకా పాత పద్ధతి ఫాంట్లలోనే అచ్చేస్తున్నాయి. ఆ ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, పైన తెలుగు తొడుగు. కంటికి "శ్రీ లక్ష్మీ" అని కనిపిస్తుంది, నా చెవికి అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు వినిపిస్తాయి. కొందరు పంపే బిల్లుల పీడీఎఫ్‌లైతే స్కాన్ చేసిన ఫోటోలు, వాటిలో చదవడానికి అక్షరమే ఉండదు.

ఇక్కడ మీకు తెలియని విషయం ఒకటి చెప్పనివ్వండి. బ్రెయిలీలో తెలుగు "క"కూ ఒడియా "క"కూ చుక్కలు ఒక్కటే. 1951లో భారతి బ్రెయిలీని ఖాయం చేసినప్పుడు, దేశంలోని అన్ని లిపుల్లో ఒకే శబ్దానికి ఒకే చుక్కలు ఉండాలని నిర్ణయించారు. నేను తెలుగు బ్రెయిలీ నేర్చుకున్నాక ఒడియా బ్రెయిలీ చదవడానికి లిపి మళ్ళీ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు, భాష వస్తే చాలు. కళ్ళున్న మా అన్నయ్య మాత్రం రెండు లిపులూ విడివిడిగా దిద్దాడు. ఎవరో ముందుగా ఆలోచించి ఒక ప్రమాణం పెట్టారు, డెబ్బై ఏళ్ళ తర్వాత సరిహద్దులో ఉన్న నాకు ఆ మేలు అందింది. ఐఎస్ 17802 పాటించమని మిమ్మల్ని అడుగుతున్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ చుక్కలే.

మా పక్క జిల్లా గజపతిలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్నో ఏళ్ళు పంతులుగా పనిచేశారు. సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, జ్వరం పట్టుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు వినపడకపోయినా, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని చివరిదాకా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పండితులకు మాత్రమే అర్థమయ్యే భాషలో పాఠాలు రాస్తే మామూలు పిల్లవాడు ఎలా చదువుతాడన్నది ఆయన ప్రశ్న. మీ ప్రోగ్రామ్ తప్పు చూపించినప్పుడు "ఎర్రర్ 1047, ఇన్‌వాలిడ్ ఎంట్రీ" అని ఒక మూలన మెరిసి మాయమైతే, నాకే కాదు, కళ్ళున్న గుమస్తాకూ ఏం చేయాలో తెలియదు. "తేదీ గడిలో నెల తప్పు పడింది" అని రాయండి. తెలుగులో, ఒడియాలో కూడా రాయండి. అది వచ్చిన వెంటనే స్క్రీన్ రీడర్ దానంతట అదే చదివేలా పెట్టండి, వెతుక్కుంటూ వెళ్ళే పని లేకుండా.

ఇక మా వర్తక సంఘాల పెద్దలకు. సావుకార్లూ, మీకు నామీద దయ ఉందని నాకు తెలుసు. దయ కంటే మీ చేతిలో ఇంకా పెద్దది ఉంది. ఏటా ఆ సాఫ్ట్‌వేర్‌కు రెన్యువల్ డబ్బు కట్టేది మీరు. ఒక్క కొట్టు అడిగితే కంపెనీ వినకపోవచ్చు. బరంపురం, జయపురం, రాయగడ, పర్లాకిమిడి బజార్ల సంఘాలన్నీ కలిసి ఒక ఉత్తరం రాస్తే వింటుంది. ఈసారి డీలర్ వచ్చినప్పుడు ఒక పని చేయండి. కంప్యూటర్ మౌస్ వైరు పీకేసి, ఇప్పుడు ఒక బిల్లు వేసి చూపించు బాబూ అనండి. పార్టీ పేరు ఎంచుకోవడం, నాలుగు చీరలు వేయడం, రాష్ట్రం మార్చడం, సేవ్ చేయడం, ప్రింట్ తీయడం, అంతే. అతను ఆగిపోయిన చోటల్లా మాలాంటివాళ్ళు రోజూ ఆగిపోతున్నారు. రాసుకోండి, అదే కంపెనీకి పంపండి. ఐఎస్ 17802 పాటిస్తున్నారో లేదో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఇందులో మీ స్వార్థం కూడా ఉంది. అరవై దాటిన మీ గుమస్తా కళ్ళు రేపు ఇంకా తగ్గుతాయి, నమ్మకస్తుడైన మనిషిని వదులుకోవాలని మీకూ ఉండదు.

కంపెనీలవారికి మళ్ళీ ఒక మాట. కీలు మార్చకండి అనను. మారుస్తారు, మారాలి కూడా. మార్చినప్పుడు ఏం మార్చారో మామూలు అక్షరాల్లో రాసి, అప్‌డేట్‌కు వారం ముందు పంపండి. జాబితాల వరస మారిందనే ఒక్క లైను ఆ రోజు నాకు అంది ఉంటే పదిహేడు బిల్లులు తప్పుగా వెళ్ళేవి కావు. కొత్త రూపం బాగా కుదిరేదాకా పాత రూపానికి వెళ్ళే వీలు ఉంచండి. ఫిర్యాదు చేయడానికి ఫోనుతో పాటు రాసి పంపే దారి పెట్టండి. అటువైపు కూచున్నవాళ్ళకు స్క్రీన్ రీడర్ అంటే ఏమిటో ఒక పూట చూపించండి. ఎన్‌వీడీఏ ఉచితమే, వాళ్ళ కంప్యూటర్లలో వేసి, మానిటర్ ఆపేసి, ఒక్క బిల్లు వేయమనండి.

నేర్పించేవాళ్ళు లేకపోతే నేనున్నాను. మీ డిజైనర్లను, ప్రోగ్రామర్లను బరంపురం పంపండి. భువనేశ్వర్ నుంచి రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కొట్లో రద్దీ తక్కువ. నా పక్కన కుర్చీ వేయిస్తాను, రెండో ఇయర్‌ఫోన్ చేతికిస్తాను, మీ ప్రోగ్రామ్ నాకెలా వినిపిస్తుందో మీరూ వినండి. నెలలో ఏ రోజైనా ఫర్వాలేదు, 11వ తేదీకీ 20వ తేదీకీ ముందు రెండు రోజులు మాత్రం వదిలేయండి. అప్పుడు రిటర్నులుంటాయి.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక అకౌంటెంట్